మగపిల్లాడిలా పెంచడం లేదు

"పిల్లని మగపిల్లాడిలా పెంచుతున్నావట?" అని మా పిన్ని ఫోనులో అడిగింది. ఇక్కడి తెలుగువాళ్ళ దీపావళి భోజనాల దగ్గర ఒకాయన ఇదే మాట మెచ్చుకోలుగా అన్నాడు. స్త్రీవాద సాహిత్యం మీద పరిశోధన చేసిన నా స్నేహితురాలు ఇదే మాట నవ్వుతూ అంది. మొదటిది దెప్పు, రెండోది పొగడ్త, మూడోది చనువు. మూడింటి అడుగునా ఉన్న నమ్మకం ఒక్కటే. పానా పట్టుకోవడం మగపిల్లాడి పని. ఆడపిల్ల పట్టుకుంటే అది ఆడపిల్లల పని కూడా అయిపోదు, ఆ పిల్లే కాసేపు మగపిల్లాడు అయిపోతుంది. పని ఎలాగూ వాళ్ళదే, ఇప్పుడు పని చేసిన పిల్లని కూడా వాళ్ళ ఖాతాలోనే రాసేస్తారు. పిన్ని మీద నాకు కోపం లేదు. ఆమెకి ఆ మాట తప్ప వేరే మాట ఎవరూ ఇవ్వలేదు. స్నేహితురాలి మీద మాత్రం ఉంది. ఆమెకి బోలెడు మాటలు తెలుసు.

సంగతి ఇది. మేం కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఉంటాం. 2023 వేసవిలో, ఒక పాత కొట్టంలో పదిహేనేళ్ళుగా కదలకుండా పడివున్న 1972 నాటి డాట్సన్ 240జెడ్ కారుని కొన్నాను. డబ్బు నాది, పట్టుదల మా అమ్మాయిది. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. ఆ పొలం దగ్గర టమాటాలు కొనడానికి ఆగితే, కొట్టం తలుపు సందులోంచి కారు ముక్కు చూసి "అమ్మా, ఇది ఎందుకు నడవదు?" అంది. తెలీదన్నాను. "తెలుసుకోవచ్చా?" అంది.

నిస్సాన్ కంపెనీ 1969 చివర్లో జపాన్‌లో విడుదల చేసిన కారు ఇది. అప్పట్లో అమెరికాలో జపాన్ కార్లంటే చవకరకం డబ్బాలని చులకన. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, ఒకే వరసలో ఆరు సిలిండర్లు, 2393 సీసీ ఇంజను, రెండు కార్బురేటర్లు. యూరప్ స్పోర్ట్స్ కార్లతో పోటీపడే పరుగు, మూడున్నర వేల డాలర్ల ధర. ఇప్పుడు బాగున్న బండి కొనడం నాబోటివాళ్ళ తరం కాదు. మాది బాగున్నది కాదు. ఈ మోడల్‌కి తుప్పు పుట్టురోగం. మా బండికి బ్యాటరీ కింద రేకు చిల్లులు పడింది, కాళ్ళు పెట్టుకునే చోట కింద నేల కనిపించేది. ఆ తుప్పు కోసి కొత్త రేకు అతికే వెల్డింగ్ పని డబ్బిచ్చి చేయించాను. సిలిండర్ హెడ్ చదును చేసే పని మెషిన్ షాపులో చేయించాను. మిగిలినదంతా మేమిద్దరమే. కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులకి వెళ్ళి నేను నేర్చుకున్నాను, నా పక్కన నిలబడి అది నేర్చుకుంది.

ఈ ఇంజనులో సిలిండర్ హెడ్ పైకి తీసేముందు టైమింగ్ చైన్ మధ్య ఒక చెక్క ముక్కని మేకులా దిగ్గొట్టాలి. లేకపోతే చైన్ జారి, దాన్ని బిగువుగా ఉంచే భాగం లోపల ఊడిపోతుంది. ఇంక ఇంజను ముందు మూత అంతా విప్పాల్సిందే. ఆ చెక్కముక్కని కొలిచి, కోయించి, గరుకు కాగితంతో నున్నగా చేసి దించింది ఎనిమిదేళ్ళ పిల్ల. మొత్తం పన్నెండు వాల్వులు. చల్లగా ఉన్నప్పుడు గాలి లోపలికి వెళ్ళే వాల్వుకి 0.20 మిల్లీమీటర్లు, పొగ బయటికి పోయే వాల్వుకి 0.25 మిల్లీమీటర్లు సందు ఉంచాలి. కొలత రేకు జారాలి, కానీ కొంచెం పట్టుకోవాలి. ఆ 'కొంచెం' ఎంతో ఏ పుస్తకమూ చెప్పదు. వేళ్ళకి తెలియాలి. దాని వేళ్ళకి నాకన్నా ముందు తెలిసింది. సిలిండర్లు మండే వరస ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. అది ఎక్కాల్లాగా దీన్ని పాడుకుంటూ స్నానం చేసేది.

ఈ రెండేళ్ళలో మేం ఎక్కిన దుకాణాలన్నిటిలో ఒకే తంతు. ప్రశ్న అడిగేది నేను, జవాబు చెప్పేది నా సహచరుడికి. ఆయన వంట అద్భుతంగా చేస్తాడు గానీ నట్టుకీ బోల్టుకీ తేడా తెలీదు, ఆ సంగతి ఆయనే గర్వంగా చెప్పుకుంటాడు. మెషిన్ షాపులో ఒక పెద్దమనిషి హెడ్ ఎంత మందం తీయాలో పదినిమిషాలు ఆయన కళ్ళల్లోకి చూస్తూ వివరించాడు. ఆయన బుద్ధిగా తల ఊపాడు. చివరికి మా అమ్మాయి, "ఆయనకి చెప్పి లాభం లేదు, బండి మాది" అంది. అందరం నవ్వాం. తర్వాత ఆ పెద్దమనిషి బిల్లు ఆయన చేతికే ఇచ్చాడు.

ఇంకో ముచ్చట ఉంది, సాహిత్యం చదివేవాళ్ళకి ఇది ఆసక్తిగా ఉంటుంది. జపాన్‌లో ఈ కారు పేరు 240జెడ్ కాదు, ఫెయిర్‌లేడీ జెడ్. ఈ వరసలో ఇవాళ వస్తున్న కారుని కూడా అక్కడ ఆ పేరుతోనే అమ్ముతున్నారు. నిస్సాన్ అధ్యక్షుడు కట్సుజీ కవమాతా న్యూయార్కులో 'మై ఫెయిర్ లేడీ' సంగీత నాటకం చూసి ముచ్చటపడ్డాడు. తమ స్పోర్ట్స్ కార్ల వరసకి ఫెయిర్‌లేడీ అన్న పేరు అలా వచ్చింది. ఆ నాటకం కథ మనకి తెలిసిందే. పూలమ్ముకునే పిల్లని ఒక ప్రొఫెసర్ పందెం కోసం పట్టుకొచ్చి, మాట మార్చి, నడక మార్చి, దొరసానిలా తయారు చేస్తాడు. దానికి మూలమైన 'పిగ్మాలియన్' నాటకంలో బెర్నార్డ్ షా ఆ అమ్మాయిని ఆ ప్రొఫెసర్‌కి కట్టబెట్టడానికి ఒప్పుకోలేదు. ప్రేక్షకులు వాళ్ళిద్దరికీ పెళ్ళి చేసేయాలని చూస్తున్నారని, ఆమె వేరే అతన్ని చేసుకుందంటూ పనిగట్టుకుని వెనకమాట రాశాడు. 1956 నాటి సంగీత నాటకం ఆ మాట వినలేదు. చివర్లో అమ్మాయి, నా చెప్పులెక్కడ అని అడిగే ఆ మగవాడి గుమ్మంలోకే తిరిగొస్తుంది. ఆ నాటకం పేరే మా కారుకి దక్కింది. మగవాడు మలిచి, మెరుగుపెట్టి, చివరికి తన దగ్గరే ఉంచుకునే వస్తువుకి ఇంతకన్నా తగిన పేరు ఎక్కడ దొరుకుతుంది?

అమెరికాలో ఆ కంపెనీ వ్యవహారాలు చూసిన యుటాకా కటయామాకి ఈ ఆడపేరు నచ్చలేదు. ఇలాంటి పేరుతో ఇక్కడ స్పోర్ట్స్ కారు అమ్ముడుపోదని, బండ్ల మీది ఆ పేరు తీయించి 240జెడ్ అని పెట్టించాడు. ఒక దేశంలో మలచబడ్డ ఆడది, ఇంకో దేశంలో అంకె. ఇంగ్లీషు మాట్లాడే బండిపిచ్చోళ్ళు మళ్ళీ తమ కారుని ఆడమనిషిని పిలిచినట్టే పిలుస్తారు, బానెట్ తట్టి బుజ్జగిస్తారు. మన భాష ఏమన్నా తక్కువ తిందా? ఆమె వచ్చింది, కారు వచ్చింది, గేదె వచ్చింది. 'వచ్చాడు' మాత్రం ఒక్కడికే. (నేను మా అమ్మాయినీ 'అది' అంటాను, కారునీ 'అది' అంటాను. మా ఇంట్లో దీనివల్ల రోజుకో గందరగోళం.)

నా స్నేహితురాలి అభ్యంతరం దగ్గరికి వస్తాను. ఆమె అనేది, "వేగం, ఇంజను, హోరు... ఇవన్నీ మగవాళ్ళ అహంకారం తయారు చేసుకున్న ఆటబొమ్మలు. వాటిని వాళ్ళకే వదిలెయ్యక నీ కూతురి చేతిలో పెడతావెందుకు? మగవాడిని అనుకరించడమా విముక్తి?" వినడానికి గొప్పగా ఉంది. కానీ ఆమె కారులోనే యూనివర్సిటీకి వెళ్తుంది. కారు నడపడం అనుకరణ కాలేదు, విప్పి చూడటం మాత్రం అనుకరణ ఎలా అయింది? మన కథల్లో ఎన్నిసార్లు చదివాం, నాయిక డ్రైవింగ్ నేర్చుకుంటుంది, స్టీరింగ్ పట్టుకుంటుంది, రోడ్డు ఎదురుగా పరుచుకుంటుంది, కథ అయిపోతుంది. ఆ కారు పది కిలోమీటర్ల తర్వాత ఆగిపోతే ఏం చేస్తుందో ఏ కథా చెప్పదు. ఎవరో ఒక మగవాడికి ఫోను చేస్తుంది. స్టీరింగు దగ్గర కూర్చునే హక్కు డబ్బుంటే బజారులో దొరుకుతుంది. బానెట్ ఎత్తే ధైర్యం అలా దొరకదు, దాన్ని ఎవరో ఒకరు చిన్నప్పుడే చేతిలో పెట్టాలి.

విమల రాసిన 'వంటిల్లు' చదివాక మనలో ఎవరూ వంటగదిని మునుపటిలా చూడలేకపోయాం. అబ్బూరి ఛాయాదేవి గారు 'బోన్సాయ్ బ్రతుకు' రాశాక, వేళ్ళు కత్తిరించి తొట్టెలో పెంచిన ఆ జపాన్ చెట్టు మన ఇళ్ళల్లో పెరిగే ఆడపిల్లకి మారుపేరయింది. ఆడవాళ్ళని ఏయే గదుల్లో పెట్టారో మనం బాగా రాశాం. ఏయే గదుల్లోకి రానివ్వలేదో అంత బాగా రాయలేదు. మెకానిక్ షెడ్డు, లేతు మిషను, కమ్మరి కొలిమి మన సాహిత్యంలో దాదాపు లేవు. ఎందుకు లేవంటే మనం వాటిల్లోకి వెళ్ళలేదు. వెళ్ళనివ్వకపోవడం ఒక అన్యాయం. వెళ్ళదగ్గ చోటే కాదని మనమే అనుకోవడం దానిమీద ఇంకొకటి.

వెళ్ళినవాళ్ళు లేకపోలేదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల కారులో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల పైన నడుపుకుంటూ వెళ్ళింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తెరిచింది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర తోలు వేయించింది. అసలు ఆ వ్యాపారంలోకి వెళ్ళిన డబ్బులో ఆమె కట్నం డబ్బు ఉంది. పేరు మాత్రం మొగుడిది.

ఇంకొకరు మన తెలుగింటి ఆడపిల్ల. అయ్యలసోమయాజుల లలిత. పదిహేనేళ్ళకి పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకి వైధవ్యం. అప్పటికి చంటిపిల్లకి నాలుగు నెలలు. ఆ రోజుల్లో అలాంటి పిల్లని ఏ మూల కూర్చోబెట్టేవారో మనకి తెలుసు. ఆమె మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో 1940లో చేరి ఎలక్ట్రికల్ ఇంజనీరు అయింది. మొత్తం కాలేజీకి తొలి ఆడపిల్లల్లో ఒకరు. వాళ్ళ పట్టాల మీద 'అతడు' అని అచ్చయిన చోట కొట్టేసి 'ఆమె' అని దిద్దాల్సి వచ్చింది. తర్వాత ఆమె భాక్రానంగల్ విద్యుత్ లైన్ల పనిలో ఉంది, కూతుర్ని పెంచింది, 1964లో న్యూయార్కులో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సమావేశానికి వెళ్ళింది. మనకి కందుకూరి గురించి, వితంతు వివాహాల గురించి పాఠాలున్నాయి. వితంతువుకి పెళ్ళి కాకుండా ట్రాన్స్‌ఫార్మర్ దక్కిన ఈ కథ ఎన్ని పాఠ్యపుస్తకాల్లో చూశారు?

ఇది సరదా సంగతి కాదని చెప్పడానికి ఒక లెక్క చాలు. 2011లో వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు అమెరికా రోడ్డు ప్రమాదాలని పరిశీలించారు. బెల్టు పెట్టుకున్న డ్రైవర్లలో, తీవ్రంగా గాయపడే ప్రమాదం మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి 47 శాతం ఎక్కువని తేలింది. దశాబ్దాల తరబడి కార్లని గోడకి కొట్టి పరీక్షించేటప్పుడు లోపల కూర్చోబెట్టిన బొమ్మ సగటు మగవాడి కొలతలది. అమెరికా ప్రభుత్వం కార్లకి నక్షత్రాలు ఇచ్చే పరీక్షల్లో, ఎదురుగా గుద్దించే పరీక్షకి 2011 మోడళ్ళ నుంచి ఒక ఆడబొమ్మని చేర్చారు. ఎక్కడ కూర్చోబెట్టారు? డ్రైవరు పక్క సీట్లో. బానెట్ కిందా, బెల్టు కొలతలోనూ మన చేతులు లేకపోతే మన పక్కటెముకలు దానికి మూల్యం చెల్లిస్తాయి. శరీర రాజకీయాల గురించి ఇన్ని సదస్సులు పెట్టుకున్నాం, ఈ శరీరం గురించి ఒక్కటన్నా పెట్టామా?

"ఇదంతా గ్యారేజీ ఉన్నవాళ్ళ కులాసా" అన్న మాట కూడా వచ్చింది. ఇది బలమైన మాట. నేను ఇరవై రెండేళ్ళు బెజవాడలో పెరిగాను. ఆటోనగర్ మీదుగా బస్సులో ఎన్ని వందలసార్లు వెళ్ళానో, ఒక్కసారి కూడా అక్కడ దిగలేదు. దిగే పనిలేదు, దిగనివ్వరు కూడా. కిటికీలోంచి కనిపించేది. విప్పిన లారీలు, వెల్డింగ్ మెరుపులు, పదేళ్ళ కుర్రాళ్ళు బండ్ల కిందనుంచి నల్లటి మొహాలతో బయటికి రావడం. బడిలో ఉండాల్సిన ఆ పిల్లల చేతుల్లో ఆకలి పెట్టిన పానాకీ, మా అమ్మాయి చేతిలో సరదా పెట్టిన పానాకీ పోలిక లేదు. పధ్నాలుగేళ్ళలోపు పిల్లలని పనిలో పెట్టుకోకూడదని, సొంత కుటుంబం పనులు మినహాయించి, 2016లో చట్టం సవరించారు. ఆ మినహాయింపు సందులోంచి ఎంతమంది పిల్లలు జారిపోతారో నేను చెప్పక్కర్లేదు.

కానీ ఈ అభ్యంతరం చెప్పేవాళ్ళు ఆటోనగర్ కుర్రాళ్ళ గురించి మాట్లాడుతున్నారా, లేక చేతికి మసి అంటడం గురించి మాట్లాడుతున్నారా? పుస్తకం పట్టిన చేయి పైది, పనిముట్టు పట్టిన చేయి కిందిది అని కులం మనకి నేర్పింది. అది నేర్పిన రెండో పాఠం, కింది కులాల్లో కూడా పనిముట్టు మగవాడిది. ఇల్లు కట్టే చోట చూడండి. ఇటుకలు, ఇసుక తట్టలు మోసేది ఆడది. తాపీ పట్టేది మగవాడు. రోజు కూలిలో తేడా ఆ తాపీ దగ్గరే మొదలవుతుంది. పొలంలో చూడండి. వంగి నాటు వేసేది ఆడది, నాగలి మాత్రం ముట్టుకోకూడదు. ట్రాక్టరు వస్తే అందులోనూ ఎక్కి కూర్చున్నది మగవాడే. బరువు మోయడానికి పనికొచ్చిన శరీరం పనిముట్టు పట్టడానికి సున్నితమైపోతుంది! కాబట్టి పనిముట్టు సంగతి కులాసావాళ్ళ సంగతని కొట్టేస్తే నష్టపోయేది నా కూతురు కాదు. దాని చదువు దానికి ఉంది.

పెట్రోలు, పొగ అని కూడా అన్నారు. ఒప్పుకుంటాను. 1975, అంతకుముందు మోడళ్ళకి కాలిఫోర్నియాలో పొగ పరీక్ష లేదు. అది చట్టం ఇచ్చిన వెసులుబాటే గాని గాలి ఇచ్చింది కాదు. ఈ బండి నెలకి ఒకటి రెండుసార్లు రోడ్డెక్కుతుంది, అంతే.

ఇప్పుడు నన్ను నిజంగా నిద్రపోనివ్వని విషయం. అది అభ్యంతరాల్లో ఏదీ కాదు. పోయిన ఏడాది ఆఖర్లో, ఒక కార్యక్రమానికి ముందు, డాన్సు నేర్పే ఆవిడ పిల్లలందరి చేతులూ చాపించి చూసింది. మా అమ్మాయి గోళ్ళ దగ్గర ఆగింది. సబ్బుకి లొంగని ఆ నల్లటి గీతల్ని చూసి, "హస్తాలు పట్టే చేతులేనా ఇవి?" అంది. పిల్లలు నవ్వారు. అంతే జరిగింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు.

తర్వాతి వారం అది గ్యారేజీలోకి చేతి తొడుగులతో వచ్చింది. తొడుగులతో కొలత రేకు పట్టు తెలీదు, అది దానికీ తెలుసు. ఆ తర్వాతి వారం హోంవర్కు ఉందంది. ఇంకో వారం తలనొప్పి అంది. అద్దం ముందు నిమ్మచెక్కతో గోళ్ళు రుద్దుకుంటుంటే చూశాను. దానికి పదో ఏడు దాటింది. ఈ వయసులోనే ఆడపిల్ల తన చేతుల్ని ఇతరుల కళ్ళతో చూడటం మొదలుపెడుతుంది. మనందరం ఆ వయసు దాటే వచ్చాం. ఎవరెవరం ఏమేం వదిలేసి వచ్చామో ఒక్కసారి లెక్క చూసుకుందామా? పరుగు, ఈత, చెట్టెక్కడం, గట్టిగా ఈల వేయడం...

"పిల్ల ఇష్టం. బలవంతం చెయ్యకు" అని స్నేహితురాలు సలహా ఇచ్చింది. ఈ 'ఇష్టం' అనే మాటంటే నాకిప్పుడు భయం. మొదట్లో డాన్సు క్లాసుకి రానని అది ఏడ్చినప్పుడు ఎవరూ 'పిల్ల ఇష్టం' అనలేదు. లెక్కలు రావని మొరాయిస్తే అనలేదు. పియానో మానేస్తానంటే, ఒక్క ఏడాది ఓపిక పట్టించు, తర్వాత నీకే దణ్ణం పెడుతుంది అన్నారు. గ్రీజు దగ్గరికి వచ్చేసరికి అందరూ దాని స్వేచ్ఛకి కాపలాదారులయ్యారు. పదిమంది నవ్విన నవ్వు పుట్టించిన ఇష్టాన్ని స్వేచ్ఛ అంటే, మా అమ్మమ్మ పుస్తెలు తీసేసి తెల్లచీర కట్టుకోవడం కూడా ఆమె ఇష్టమే. ఆమె కూడా అలాగే చెప్పేది.

నేను దాన్ని బతిమాలలేదు, డాన్సు మానిపించనూ లేదు. నల్లటి గోళ్ళు ఉన్న చేత్తో పతాక హస్తం పట్టకూడదని ఏ శాస్త్రంలో ఉందో చూపించమని ఆ టీచర్ని మర్యాదగా అడిగాను. ఆవిడ జవాబు చెప్పలేదు. మా అమ్మాయితో ఒక్కటే ఒప్పందం చేసుకున్నాను. మొదలుపెట్టిన బ్రేకుల పని పూర్తి చేయాలి. ఆ తర్వాత ఉంటావో వెళ్తావో చెప్పు, నేను అడ్డురాను.

ముందు చక్రాలకి డిస్కులు, వెనక చక్రాలకి డ్రమ్ములు బిగించాం. గొట్టాలన్నీ కొత్తవి. ఇక గొట్టాల్లో చిక్కుకున్న గాలిని తీయడమే మిగిలింది. అది ఇద్దరు మనుషుల పని. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గర నేలమీద కూర్చుని చిన్న స్క్రూ వదులు చేసి, బుడగలు వచ్చే ద్రవం సీసాలోకి దిగాక మళ్ళీ బిగించాలి. 'తొక్కు', 'పట్టు', 'ఇప్పుడు వదులు'. మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి, బుడగలు ఆగేదాకా నాలుగు చక్రాలకీ ఇదే. పెడల్ దగ్గర కూర్చున్నవాళ్ళ చేతులు శుభ్రంగా ఉంటాయి. చక్రం దగ్గర కూర్చున్నవాళ్ళవి ఉండవు. ఏ చోటు కావాలని అడిగాను. ఇంకా చెప్పలేదు. ఆదివారం పొద్దున దాకా టైముంది.